రెండు పెగ్గులు, తొమ్మిది కిలోమీటర్లు

అమ్మా, మీరు అడిగింది ఇదీ: మీ ఆయన వారంలో రెండు రాత్రులు స్నేహితులతో కూర్చుంటారు. "రెండు పెగ్గులే" తాగి తొమ్మిది కిలోమీటర్లు బైక్ మీద ఇంటికొస్తారు. పదేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు, తూలుతూ ఇంటికి రాలేదు. మీరు వద్దంటే "నా సంగతి నాకు తెలీదా" అంటారు. కాఫీ తాగి ఓ గంట ఆగి బయల్దేరితే ఫర్వాలేదా, పోనీ పొద్దున పాపను స్కూల్లో దింపే టైముకైనా మందు పూర్తిగా దిగిపోతుందా అని అడిగారు.

నేను 22 ఏళ్లు క్యాజువాలిటీలో పనిచేసిన డాక్టర్ని. మా ఆసుపత్రి జాతీయ రహదారి పక్కనే ఉండేది. శని, ఆదివారాల్లో నైట్ డ్యూటీ అంటే ఎలాంటి కేసులు వస్తాయో మా వార్డుబాయ్‌లకు కూడా ముందే తెలుసు. కాబట్టి మీ ప్రశ్నకు పుస్తకంలో ఉన్నదీ చెబుతాను, కళ్లతో చూసిందీ చెబుతాను. కాఫీ వల్ల ఏమీ జరగదు. గంట చాలదు. పొద్దున సంగతి రాత్రి ఎంత తాగారన్న దాని మీద ఉంటుంది, అది విడిగా చెప్పాలి.

ముందు పెగ్గు లెక్క. బార్‌లో స్మాల్ అంటే 30 మి.లీ., లార్జ్ అంటే 60. స్నేహితుడి ఇంటి డాబా మీదో, తోటలోనో కూర్చున్నప్పుడు కొలిచి పోసేవాళ్లు ఉండరు. అక్కడ పెగ్గు అంటే 60కి తగ్గదు, రెండోది మొదటిదాని కంటే పెద్దదే అవుతుంది. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఒక లార్జ్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్, రెండింట్లో 40. "నేను హాట్ ముట్టను, బీరే తాగుతాను" అనేవాళ్లు కూడా ఇది వినాలి. స్ట్రాంగ్ బీర్లలో 8 శాతం దాకా ఉంటుంది. 650 మి.లీ. సీసా ఒకటి పూర్తి చేస్తే అదీ 40 గ్రాములే. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్‌లతో సమానం.

ఈ 40 గ్రాములు 70 కిలోల మగవాడి ఒంట్లోకి పోతే 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ దాదాపు 85 మిల్లీగ్రాములకు చేరుతుంది. ఇది స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ తొంభై ఏళ్ల కిందట చెప్పిన లెక్క. ఇప్పటికీ కోర్టుల్లో, ల్యాబుల్లో వాడుతున్నారు. మన చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించుకుంటుంది, కొందరిలో 10, కొందరిలో 20. మొదటి గుక్క నుంచి లెక్కపెడితే రెండు గంటల తర్వాత ఇంకా 55 ఉంటుంది. మీరన్నట్టు ఇంకో గంట ఆగినా 40. అప్పటికీ ఆయన చట్టం ప్రకారం నేరం చేస్తూనే బండి ఎక్కుతున్నట్టు. మనిషి 55 కిలోలే ఉంటే అవే రెండు లార్జ్‌లకు 100 దాటుతుంది. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే బరువుకు, అంతే మందుకు ఇంకా ఎక్కువ చేరుతుంది. కడుపు నిండా తిని తాగితే మందు నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ పై అంకె కొంత తగ్గుతుంది. ఖాళీ కడుపుతో అయితే అరగంటలోనే తలకెక్కుతుంది.

కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, తలస్నానం, వాంతి చేసుకోవడం, ఇవన్నీ మావాళ్లు కూడా నన్ను అడిగినవే. లివర్ పని టోల్‌గేట్‌లో ఒకే ఒక్క కౌంటర్ తెరిచినట్టు ఉంటుంది. వెనక ఎన్ని లారీలు హారన్ కొట్టినా ఒక్కొక్కటే పోవాలి. కాఫీ తాగితే నిద్రమత్తు కాస్త వదులుతుంది, అంతే. రక్తంలో ఉన్న మందు ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. నన్నడిగితే కాఫీ తాగి బండెక్కేవాడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అతనికి తేరుకున్నానన్న ధైర్యం వచ్చేస్తుంది. సోంపు, యాలకులు, జర్దా నమిలితే మెషిన్‌కు దొరకమన్న నమ్మకం కూడా ఉంది. బ్రీత్ ఎనలైజర్ వాసన చూడదు. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో కొలుస్తుంది.

ఇక "నా సంగతి నాకు తెలీదా" అన్న మాట. ఆయన అబద్ధం ఆడుతున్నారని నేను అనుకోను. నిజంగానే ఆయనకు బాగున్నట్టే అనిపిస్తుంది. మందు మొదట పట్టేది కాళ్లను కాదు. ఇది చేయొచ్చా, వద్దా అని ఆపే విచక్షణను. తూలడం, మాట తడబడటం చాలా తర్వాత వస్తాయి. అలవాటైన వాళ్లలో అవి ఇంకా ఆలస్యం, 100 మిల్లీగ్రాములు ఉన్నా నిటారుగా నడుస్తారు, చక్కగా మాట్లాడతారు. కానీ అంతకు ముందే, చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడం, ఒకేసారి రెండు విషయాలు గమనించడం, ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం దెబ్బతిని ఉంటాయి. ప్రమాదం అవకాశం తక్కువ మోతాదులోనే మొదలై, 40 మిల్లీగ్రాములు దాటాక బాగా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైన వేసిన లెక్కలో, గంట ఆగాక కూడా ఆయన సరిగ్గా అక్కడే ఉన్నారు.

పదేళ్లలో ఏమీ కాలేదంటే, ఆ తొమ్మిది కిలోమీటర్లలో ఆ పదేళ్లూ ఏదీ అడ్డు రాలేదని అర్థం. తెలిసిన రోడ్డు, ఖాళీ రోడ్డు మీద బండి నడపడానికి పెద్దగా తెలివి అక్కర్లేదు, అలవాటు చాలు. తెలివి కావాల్సింది ఒక్క అర సెకనులోనే. మన రోడ్ల మీద రాత్రిపూట ఏముంటాయో మీకు తెలుసు. వెనక లైటు లేని పత్తి ట్రాక్టర్. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు. చీకట్లో చీకటిలా నిలబడ్డ గేదె. నిన్నటిదాకా లేని, రంగు వేయని స్పీడ్ బ్రేకర్. ఎదురుగా హైబీమ్ వేసుకుని వచ్చే లారీ. ఆ వెలుతురు దాటాక కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి తాగినవాడికి ఎక్కువ టైము పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేక్ మీదికి కాలు వెళ్లడం అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు అదనం. ట్రాక్టర్ వెనక ఆగడానికీ, దాని ట్రాలీ కిందికి దూరడానికీ తేడా అంతకన్నా తక్కువే ఉంటుంది.

బైక్ అయితే దీనికి తోడు బ్యాలెన్స్ కూడా చూసుకోవాలి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. ప్రభుత్వ లెక్కల్లో తాగి నడపడం వల్ల జరిగిన మరణాలు చాలా తక్కువగా కనిపిస్తాయి, అది చూసి ధైర్యపడకండి. కొనఊపిరితో వచ్చినవాడికి మేం ముందు రక్తం ఆపుతాం, గొట్టం వేస్తాం. అప్పుడు ఊదించి చూసేవాళ్లెవరు? కేసు కాగితాల మీద "అతివేగం" అని పడిపోతుంది.

ఇప్పుడు చెప్పేది చాలామందికి తెలియదు, దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి. తాగి పడ్డవాడికి తలకు దెబ్బ తగిలితే, కొన్నిసార్లు అతని ప్రాణం మీదికి తెచ్చేది మందు కాదు, అది మత్తేలే అన్న చుట్టూ ఉన్నవాళ్ల నమ్మకం. ఒక పెళ్లి రిసెప్షన్ నుంచి వస్తూ 34 ఏళ్ల కుర్రాడు ఊరి చివర మలుపులో పడ్డాడు. లేచాడు, మాట్లాడాడు, నవ్వాడు కూడా. స్నేహితులు తీసుకెళ్లి రూములో పడుకోబెట్టారు. గురక పెడుతుంటే "మత్తులో ఉన్నాడులే, పొద్దునకు దిగుతుంది" అనుకున్నారు. తెల్లవారుజామున మా దగ్గరికి తెచ్చేసరికి ఒక కంటిపాప పెద్దదైపోయింది. పుర్రె ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డకట్టి మెదడును నొక్కేసింది. పడ్డ గంటలోనే తెచ్చి ఉంటే, ఆపరేషన్‌తో చాలామంది లేచి ఇంటికి నడిచి వెళ్లే కేసు అది. వాళ్ల నాన్న "సార్, గురక పెట్టాడు కదా, నిద్రే అనుకోరా ఎవరైనా?" అని నన్ను పదిసార్లు అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అందుకే: తాగి ఉన్న మనిషి తలకు దెబ్బ తగిలిందంటే, ఎంత చిన్నదైనా, బాగానే మాట్లాడుతున్నా, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మత్తుకూ మెదడులో రక్తస్రావానికీ తేడా పైకి చూసి చెప్పడం మాకే కష్టం, సీటీ స్కాన్ తీసి చూసుకుంటాం. పదే పదే వాంతి, గట్టిగా లేపినా లేవకపోవడం, ముక్కులోంచో చెవిలోంచో రక్తం లేదా నీళ్లు, ఒక చెయ్యి గానీ కాలు గానీ కదలకపోవడం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మత్తు దిగాలని మజ్జిగ, నీళ్లు పట్టకండి. స్పృహ సరిగ్గా లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్స్ వచ్చేదాకా కదపకుండా ఉంచడం మంచిది. వాంతి అవుతుంటే మాత్రం మెడ మెలికపడకుండా తల, ఒళ్లు కలిపి ఒకేసారి పక్కకు తిప్పండి. ఇంకో మాట. షుగర్ మందులు వాడేవాళ్లు తిండి లేకుండా తాగితే షుగర్ పడిపోయి అచ్చం తాగినవాడిలాగే తూలతారు. అలాంటివాళ్లను తాగుబోతులని వదిలేసి వెళ్లిన సందర్భాలు చూశాను.

అవతలివాళ్ల సంగతికి వస్తాను. "పడితే నేనే పడతాను కదా" అనేది రెండో మాట. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కాలిపోయింది. బస్సులో ఉన్న 19 మంది సజీవదహనమయ్యారు. ఆ బస్సు లోపాల మీద జరిగిన చర్చ వేరు. మొదలు మాత్రం ఒక బైక్. అది డివైడర్‌కు కొట్టుకుని, నడిపిన కుర్రాడు చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైక్ మీదికి తర్వాత వచ్చిన బస్సు ఎక్కి ఈడ్చుకెళ్లింది, మంటలంటుకున్నాయి. ఆ కుర్రాడు తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. అతనూ ఎవర్నీ చంపాలని బయల్దేరలేదు. పడితే తను ఒక్కడే పడతానని అతనూ అనుకుని ఉంటాడు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి జరిమానా 2,000 వరకు ఉండేది. లైసెన్సు సస్పెండ్ కూడా చేయొచ్చు. హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్లను ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. భార్యాపిల్లల ముందు తలవంచుకుని కూర్చోవడం జరిమానా కంటే చాలామందికి గట్టిగా తగులుతుందని నా అభిప్రాయం. "ఏం కాదులే, నువ్వు తియ్యరా బండి" అని ప్రోత్సహించే స్నేహితుల కోసం అదే చట్టంలో 188వ సెక్షన్ ఉంది, ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష. ఇక మనిషి చనిపోతే జరిమానాతో పోదు. నిర్లక్ష్యం వల్ల మరణం కింద భారతీయ న్యాయ సంహితలో ఐదేళ్ల వరకు జైలు ఉంది. తాగి నడిపిన కొన్ని కేసుల్లో అంతకంటే తీవ్రమైన నేరపూరిత నరహత్య సెక్షన్ పెడతారు, దానికి బెయిల్ అంత సులభం కాదు.

ఇంటి లెక్క చూసుకునే మీరు ఇన్సూరెన్స్ సంగతి తప్పక తెలుసుకోవాలి. మత్తులో నడిపి బండి పాడైతే పాలసీ సొంత నష్టానికి డబ్బులివ్వదు. ప్రమాద బీమా పాలసీల్లో కూడా సాధారణంగా ఈ షరతు రాసి ఉంటుంది. ఊదించి పరీక్ష చేయకపోయినా, తాగి ఉన్నట్టు మిగతా సాక్ష్యాలు చెబితే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2021లో ఒక కారు కేసులో చెప్పింది. అంటే పోయిన మనిషితో పాటు వస్తుందనుకున్న డబ్బూ పోతుంది. అలాంటి కాగితాలు పట్టుకుని మెడికల్ రిపోర్టు కోసం మా ఆఫీసు చుట్టూ తిరిగిన ఆడవాళ్లను నేను చూశాను. రిపోర్టులో "మద్యం వాసన ఉంది" అన్న ఒక్క లైన్ తీసేయమని బతిమాలేవాళ్లు. తీయలేను కదమ్మా.

ఇప్పుడు పొద్దున ప్రశ్న. చెప్పాలంటే మీరు అడిగినవాటిలో నాకు ఎక్కువ ముఖ్యం అనిపించింది ఇదే, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. నిజంగా రెండు లార్జ్‌లే అయితే, రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే, మర్నాడు పొద్దునకు రక్తంలో ఏమీ మిగలదు. కానీ పెళ్లో, క్రికెట్ మ్యాచో, పాత స్నేహితుడో వచ్చిన రాత్రి లెక్క వేరుగా ఉంటుంది. ఒక క్వార్టర్ (180 మి.లీ.), దాని మీద ఇంకో 90 తాగారనుకుందాం, మొత్తం 270 మి.లీ. అదే 70 కిలోల మనిషికి అది 190 మిల్లీగ్రాముల లెక్క. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా పది గంటల్లో 150 తగ్గుతుంది. ఇంకా 40 ఉంది. స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, పాపను ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరే మనిషి ఒంట్లో చట్టం హద్దుకు మించి మందు ఉంది. దానికి తోడు నిద్ర తక్కువ, ఒంట్లో నీళ్లు తక్కువ, తలనొప్పి. నా సర్వీసులో ఇలాంటి కేసు ఒకటి మర్చిపోలేను. పొద్దున ఆరున్నరకు బస్టాండుకు పూలబుట్టతో వెళ్తున్న ఆవిడను ఒక కారు గుద్దింది. నడిపినతను ఐదు గంటలు పడుకుని లేచాడు, తన మత్తు వదిలిందని మనస్ఫూర్తిగా నమ్మాడు. రక్తం రిపోర్టు చూశాక నమ్మలేక రెండోసారి టెస్ట్ చేయమన్నాడు. ఆవిడ తుంటి ఎముక విరిగి మళ్లీ పూలమ్మడానికి వెళ్లలేకపోయింది. అందుకని ఎక్కువ తాగిన రాత్రి మర్నాడు పాపను మీరో, ఆటోనో, పక్కింటివాళ్లో దింపాలి. దీని మీద బేరం పెట్టకండి.

ఏం చేయాలో చెబుతాను. మొదటి పెగ్గు పడ్డాక తీసుకునే నిర్ణయానికి విలువ లేదు, కాబట్టి నిర్ణయం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే జరిగిపోవాలి. కూర్చునే రోజు బైక్ ఇంట్లోనే ఉండాలి. వెళ్లేటప్పుడు ఆటోలోనో, తాగని స్నేహితుడి బండి మీదో వెళ్లాలి. బైక్ అక్కడ లేకపోతే "రెండు పెగ్గులే కదా" అన్న వాదనే రాదు. తొమ్మిది కిలోమీటర్లకు రాత్రిపూట ఆటో ఖర్చు ఎక్కువ అనిపిస్తే అక్కడే పడుకుని రమ్మనండి. ఇంటికి రాలేదని మీరు కోప్పడతారన్న భయంతో బండి తీసేవాళ్లు కూడా ఉంటారు. "పడుకుని రా, నేనేమీ అనను" అని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. మందు తాగొచ్చినప్పుడు గొడవ పెట్టుకోవద్దు, ఆ మాటలు ఆయనకు పొద్దున గుర్తుండవు కూడా. మాట్లాడాల్సింది మర్నాడు, టిఫిన్ తర్వాత, పాప స్కూలుకు వెళ్లాక. తాగి ఉన్నప్పుడు ఆయన వెనక మీరు గానీ పాప గానీ ఎక్కవద్దు, ఫంక్షన్‌లో పదిమంది ముందు పరువు పోతుందనిపించినా సరే. మీరు ఎక్కకపోతే ఆయన ఆగే అవకాశం ఉంది.

ఒక విషయం మాత్రం మీరు గమనించి చూడాలి. వారానికి రెండు రాత్రులు అన్నారు. అది నాలుగైదు రాత్రులకు పెరిగిందా, పొద్దున చేతులు వణుకుతున్నాయా, తాగని రోజు నిద్ర పట్టక చెమటలు పడుతున్నాయా? ఉంటే అది బండితో పోయే సమస్య కాదు. అలాంటివాళ్లతో ఒక్కసారిగా మాన్పించకూడదు, ఫిట్స్ రావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, లేదా 14446 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, ఉచితం.

చివరిగా ఒక పని చేయండి. దగ్గు మందు సీసా మూతకు 10 మి.లీ. గీత ఉంటుంది. ఆయన తీరిగ్గా ఉన్న ఒక పొద్దున, వాడే గ్లాసులో నీళ్లు "నీ పెగ్గంత" పోయమని, ఆ మూతతో కలిసి కొలవండి. ఎన్ని మూతలు వచ్చాయో, ఆయన బరువెంతో, ఎన్ని గంటలకు మొదలుపెడతారో రాస్తే, ఆయన లెక్క నేను వేసి ఇక్కడే చెబుతాను. ఆ జవాబు ఆయన్నే చదవమనండి.